జిగురు అంటని ముక్కలు

మా పెద్దమ్మ చివరిసారి చేసిన పని సగం కీరదోసకాయ తరగడం. మంగళవారం ఉదయం, మధ్యాహ్నం డబ్బాలోకని వంటగది గట్టు దగ్గర నిలబడి, ఎప్పటిలాగే కాగితం కన్నా పలచగా తరిగింది. ఒక చక్రాన్ని కత్తి కొసతో ఎత్తి కిటికీ వెలుతురులో పెట్టి చూసింది. అదీ ఎప్పటిలాగే. చక్రంలోంచి ఎదురింటి గోడ కనపడితే ముక్క సరిగ్గా తెగినట్టు లెక్క. కత్తి కడిగి, తుడిచి, పదును గోడవైపు ఉండేలా దాని చోట పెట్టింది. ఒక్క నిమిషం కూర్చుంటానండీ అని పెదనాన్నతో అంది. ఆయన పేపరు దించి చూసేసరికి కుర్చీలోనే ఉంది, తల మాత్రం పక్కకు వాలింది. గుండె ఆగిపోయిందని తర్వాత డాక్టరు చెప్పాడు. పళ్ళెంలోని చక్రాలు సాయంత్రం దాకా అలాగే ఉన్నాయి. ఎవరికీ తీయబుద్ధి కాలేదు.

పలచగా కోయడం ఆవిడ ఉద్యోగం. క్యాన్సరు ఆసుపత్రిలో, ఆపరేషన్ గదులకు రెండంతస్తుల కింద, కిటికీ లేని ఒక గదిలో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసింది. పైన మనిషి మత్తులో ఉండగా, కోసిన చోటి నుంచి చిన్న ముక్క ఒకటి స్టీలు గిన్నెలో, లిఫ్టులో కిందికి వచ్చేది. పెద్దమ్మ దాన్ని గడ్డకట్టించి, సున్నాకి ఇరవై డిగ్రీలు కింద ఉండే పెట్టెలో చేతులు పెట్టి, కంటికి ఆనని మందంలో కోసి, సన్న కుంచెతో ముడతలు సర్ది, గాజు స్లైడు మీదికి ఎక్కించి, రంగు వేసి డాక్టరుకి ఇచ్చేది. డాక్టరు సూక్ష్మదర్శినిలో చూసి పైకి ఫోను చేసేవాడు: రోగం ఇంకా ఉంది, ఇంకొంచెం తియ్యండి, లేదా, అంచు శుభ్రంగా ఉంది, కుట్టెయ్యండి. మొత్తం ఇరవై నిమిషాలు. పెద్దమ్మ భాషలో ఆ యంత్రం పేరు చలిపెట్టె. ఆసుపత్రిలో ఆవిడ పేరు మైక్రానమ్మ. మిల్లీమీటరులో వెయ్యో వంతును మైక్రాన్ అంటారు, ఆవిడ కోత అయిదు మైక్రాన్లు. ఆ పేరు తనకు తెలియనట్టే ఉండేది కానీ ఎవరైనా ఆరు అంటే మాత్రం వెంటనే సరిదిద్దేది.

నేను కాలేజీ చదువు కోసం పద్దెనిమిదో ఏట వాళ్ళింటికి వచ్చి అయిదేళ్ళున్నాను. వాళ్ళకు పిల్లలు లేరు. పెద్దమ్మ చేతులు ఎండాకాలంలో కూడా చల్లగా ఉండేవి. నాకు జ్వరం వస్తే తడిగుడ్డ వెతకనక్కర్లేదు, పక్కన కూర్చుని నుదుటి మీద చెయ్యి పెడితే చాలు. పొదుపు విషయంలో మాత్రం ఆవిడతో వేగడం కష్టం. అరిగిపోయిన సబ్బుబిళ్ళని కొత్త సబ్బుకి అంటించేది. టూత్‌పేస్టు అయిపోయిందని నేను పారేస్తే చెత్తబుట్టలోంచి తీసి, కత్తెరతో నిలువునా చీల్చి, ఇంకో నాలుగు రోజులు వాడించేది. పెదనాన్న దాన్ని ట్యూబు పోస్టుమార్టం అనేవాడు.

పెదనాన్న బస్‌స్టాండులో అనౌన్సరు. అప్పటికి ఇరవై ఏళ్ళుగా ఊరంతా ఆయన గొంతు విని బస్సులెక్కింది. దారిన పోతుంటే ఆయన్నెవరూ గుర్తుపట్టేవాళ్ళు కాదు. దుకాణంలో నోరు విప్పి అరకిలో ఉల్లిపాయలు అడిగితే మాత్రం నలుగురూ తలతిప్పి చూసేవాళ్ళు. ఇంట్లోనూ అదే పద్ధతి. స్టీలు గ్లాసుని చెంచాతో రెండుసార్లు కొట్టి మొదలుపెట్టేవాడు. "ప్రయాణికులకు విజ్ఞప్తి. కాలేజీకి వెళ్ళవలసిన అమ్మాయి ఇంకా దుప్పట్లోనే నిలిచి ఉన్నది. ఆలస్యానికి చింతిస్తున్నాము." పెద్దమ్మ వంటింట్లోంచి, వంటగది నుంచి బయలుదేరవలసిన కాఫీ రద్దయిందనేది. ఆయన తగ్గి, విజ్ఞప్తి వెనక్కి తీసుకోవడమైనదని ప్రకటించేవాడు.

నేను వచ్చిన ఏడాదే ఆసుపత్రికి కొత్త మిషన్ ఒకటి వచ్చింది. దాని సంగతి పెద్దమ్మ మాకు అన్నం తింటూ చెప్పింది. మన ఒంట్లో ప్రతి కణానికీ కొవ్వుతో చేసిన పొర ఉంటుందట. రోగం పట్టిన కణానికి పెరగాలన్న తొందర, కాబట్టి దాని పొరలో కొవ్వుల పాళ్ళు వేరుగా ఉంటాయట. ముక్క మీద ఆవగింజంత చోట లేజరు తగిలిస్తే చిటికెడు పొగ లేస్తుంది. ఆ పొగని సన్న గొట్టం పీల్చుకుని బీరువా అంత మిషన్‌లోకి పంపుతుంది. అది పొగలో ఏయే కొవ్వులు ఎంతెంత ఉన్నాయో తూచి, తెర మీద మంచిదైతే పచ్చ దీపం, రోగమైతే ఎర్ర దీపం వెలిగిస్తుంది. పక్కింట్లో ఏ నూనె మాడిందో వాసన పట్టి మనం చెప్పమూ, ఇదీ అంతే అంది. గొంతు క్యాన్సర్లతో మొదలుపెడుతున్నారట. గొంతు ఆపరేషన్లు ఎలాగూ లేజరుతోనే చేస్తారు, కోసేటప్పుడు లేచే పొగని అప్పటికప్పుడు తూచేస్తే కింద ఇరవై నిమిషాల పని పైన రెండు క్షణాల్లో తేలుతుంది.

అయితే నీ ఉద్యోగం ఊడిందన్నమాట అన్నాడు పెదనాన్న. పెద్దమ్మకి నవ్వు రాలేదు.

"ఊడితే ఊడనివ్వండి. మత్తులో పడుకున్నవాడికి ఒక్కో ముక్కకీ పావుగంట కలిసొస్తుంది."

ఏది మంచి కొవ్వో ఏది చెడ్డదో మిషన్‌కి ముందు నేర్పాలి. అందుకు వందల ముక్కలు కావాలి, రోగం ఉన్నవీ లేనివీ. అవన్నీ పెద్దమ్మ దగ్గరే ఉన్నాయి. పదిహేనేళ్ళుగా ఆపరేషన్లలో మిగిలిన గొంతు ముక్కల్ని ఒక్కోటీ చిన్న గొట్టంలో పెట్టి, నంబరు రాసి, మంచుపెట్టెల్లో దాచింది. ఎప్పటికైనా ఎవరికైనా పనికొస్తాయని. నేర్పే పనికి పరిశోధన చేసే అమ్మాయి ఒకతె వచ్చింది. చేతులు చురుకు, భోజనం ధ్యాస లేదు. పెద్దమ్మ డబ్బాలో రెండో మనిషికి సరిపడా పెట్టుకెళ్ళడం మొదలుపెట్టింది. రెండేళ్ళు ఇద్దరూ ఆ గదిలో కూర్చుని మిషన్‌కి పాఠం చెప్పారు. చివరికి మూడు వందల ముక్కలు పెడితే రెండింట్లో మాత్రమే తప్పింది. ఆ రోజు గదిలో కేకు కోశారు. కేకుని కూడా పెద్దమ్మే కోసిందట, ఎవరికీ నోటినిండా రాలేదని ఆ అమ్మాయి చాలాకాలం దెప్పేది.

ఆ రోజుల్లోనే పెదనాన్న గొంతు బొంగురుపోయింది. గాలి మారిందన్నాడు, మైకు పాడైందన్నాడు. పెద్దమ్మ మూడు వారాలు ఏమీ అనకుండా విన్నది. మూడోవారం చివర, రేపు నాతో ఆసుపత్రికి రండి, మైకు సంగతి తర్వాత చూద్దాం అంది. ఆయన గొంతులోంచి తీసిన ముక్క ఆవిడ గదికే వచ్చింది. ఆవిడ కుర్చీలోంచి లేచి, పక్క టెక్నీషియన్‌ని కూర్చోబెట్టి, అది తేలేదాకా నడవాలో నిలబడింది. ఒకవైపు స్వరతంత్రి మీద క్యాన్సరు.

గొంతు డాక్టరు మమ్మల్ని కూర్చోబెట్టి విషయం దాచకుండా చెప్పాడు. ప్రాణానికి భయం లేదు, కోసి తీసేయొచ్చు. ఎంత కోయాలన్నదే చిక్కు. కడుపులోనైతే ఎందుకైనా మంచిదని ఇంకో వేలెడు తీస్తాం, గొంతులో గోరంత తీసినా అది మాటలోంచే పోతుంది. రోగం ఎక్కడ ఆగిందో మిషన్ అక్కడికక్కడే చూపిస్తే అంతవరకే కోసి ఆపుతాను, లేకపోతే అనుమానం ఉన్నంత మేరా తీసేయాలి అన్నాడు. వచ్చే నెల నుంచి మిషన్‌ని ఆపరేషన్ గదిలోకి తెస్తున్నారు. జాబితాలో పెదనాన్న మూడోవాడు.

ఇక మా ఇంట్లో మిషన్ కబుర్లే. మా అమ్మ, అంటే పెద్దమ్మ చెల్లెలు, ఊరినుంచి రోజూ ఫోను చేసి, పురిటికి దగ్గరపడ్డ మనిషిని అడిగినట్టు మిషన్ ఎలా ఉందని అడిగేది.

ఇంకా పదిరోజులుందనగా, ఒక సాయంత్రం పెద్దమ్మ ఇంటికి బయలుదేరబోతూ ఆ అమ్మాయి చేస్తున్న పని చూసి ఆగింది. అమ్మాయి మిషన్‌లో పెట్టబోయే ముక్కల్ని పళ్ళెంలో పరిచి, కొన్నింటిని పలచటి కాగితంతో జాగ్రత్తగా ఒత్తి తుడుస్తోంది. ఎందుకు తుడుస్తున్నావని అడిగింది. వీటికి మీ జిగురుంది కదా ఆంటీ అంది అమ్మాయి. మిగతావాటికి లేదా అంటే లేదంది.

ఆ జిగురు సంగతి చెప్పాలి. కోయబోయే ముక్క కదలకుండా నిలబడాలంటే దాన్ని ఒకరకం చిక్కటి జెల్‌లో కూర్చోబెట్టి గడ్డకట్టిస్తారు. పెద్దమ్మ ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ జెల్ సీసాలు అడిగిన ఆరునెలలకు గాని వచ్చేవి కావు. అందుకని తనకు తానే ఒక నియమం పెట్టుకుంది. రోగం ఉన్న ముక్కని మళ్ళీ మళ్ళీ కోయాల్సి వస్తుంది కాబట్టి దానికి జిగురు. మంచి ముక్కని ఊరికే దాచడమే కాబట్టి నేరుగా చలిలోకి. సీసాలు సమయానికి రావడం మొదలయ్యాక కూడా ఆవిడ చెయ్యి మారలేదు. అంటే ఆ పదిహేనేళ్ళ ముక్కల్లో రోగం ఉన్న ప్రతిదానికీ జిగురుంది, రోగం లేని దేనికీ లేదు. ఎంత తుడిచినా పొగలో దాని జాడ పోదు.

ఆ సాయంత్రం ఇంటికి ఆలస్యంగా వచ్చింది. మర్నాడు ఉదయం ఆ అమ్మాయి చేతికి రెండు ముక్కలిచ్చి, ఇవి కూడా చూడమంది. మొదటిదానికి పచ్చ దీపం వెలిగింది. రెండోదానికి ఎర్ర దీపం. అమ్మాయి రెండోదాన్ని మూడుసార్లు చూసింది, మూడుసార్లూ ఎరుపే. ఎవరివి ఆంటీ ఇవి అని అడిగింది.

"రెండూ ఒకరివే. ఒకే మంచి ముక్కని రెండుగా కోశాను. రెండోదానికి జిగురు రాసి, నువ్వు తుడిచినట్టే తుడిచాను."

రెండేళ్ళు వాళ్ళు మిషన్‌కి నేర్పింది క్యాన్సరుని గుర్తుపట్టడం కాదు, జిగురుని గుర్తుపట్టడం. పెద్దమ్మ ఆమెని అక్కడే వదిలి విభాగం పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళింది.

"బతికున్న మనిషి గొంతులో జిగురుండదు డాక్టరుగారూ. అక్కడ ఇది ప్రతిదానికీ పచ్చ దీపమే చూపిస్తుంది. తప్పు నాది, ఆ అమ్మాయిది కాదు."

మధ్యాహ్నానికల్లా మిషన్‌ని ఆపరేషన్ గదికి తేవడం ఆగిపోయింది. జిగురు తగలని ముక్కలు కొత్తగా పోగుచేసి మళ్ళీ మొదటి నుంచి నేర్పాలి. తక్కువలో తక్కువ ఏడాదిన్నర. పెదనాన్నకి అంత గడువు లేదు.

పెద్దమ్మ ఇంటికొచ్చి చెప్పులైనా విడవకుండా మాకు ఇదంతా చెప్పింది. పెదనాన్న మొత్తం విని, బొంగురు గొంతుతో ముందుగా అడిగిన మాట, ఆ అమ్మాయి ఏడ్చిందా అని. ఏడ్చిందంది పెద్దమ్మ. రేపు డబ్బాలో ఏదైనా తీపి పెట్టమన్నాడు.

నాకు ఆయనంత మనసు లేదు. ఇరవయ్యేళ్ళు, ఒళ్ళంతా కోపం. నోరు జారాను.

"ఆ సీసాలు కాస్త ధారాళంగా వాడి ఉంటే పెదనాన్న గొంతు మిగిలేది కదా పెద్దమ్మా."

తిడుతుందనుకున్నాను. నావైపు తిరిగి, "అవునే" అంది. అంతే. లోపలికెళ్ళి కాళ్ళు కడుక్కుంది. ఆ రాత్రి మా అమ్మ ఫోనులో అంతకంటే పెద్ద మాటలే అన్నదని తర్వాత తెలిసింది. వాటికీ ఆవిడ ఎదురు చెప్పలేదు.

ఆపరేషన్ పాత పద్ధతిలోనే జరిగింది. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ ఒక్కరోజే పెద్దమ్మ పైన, రోగుల తాలూకు మనుషులు కూర్చునే బెంచీ మీద కూర్చుంది. పక్కన నేను. లిఫ్టు తలుపు తెరుచుకుని మూసుకున్నప్పుడల్లా మెల్లిగా చెప్పేది. మొదటి ముక్క వెళ్ళింది. ఇప్పుడు గడ్డకట్టిస్తూ ఉంటాడు. ఇప్పుడు కోస్తాడు, మొదటి కోత పారేస్తాడు, మొదటిది ఎప్పుడూ బాగా రాదు. ఇప్పుడు రంగు. ఇప్పుడు డాక్టరు కుర్చీ ముందుకు లాక్కున్నాడు. లోపల ఫోను మోగడం మాకు వినపడేది. ఆ తర్వాత మళ్ళీ లిఫ్టు వచ్చిందంటే అంచు ఇంకా శుభ్రం కాలేదని అర్థం. మొదటిదాంతో కలిపి ఏడుసార్లు వచ్చింది. నాలుగోసారి నుంచి పెద్దమ్మ చెప్పడం మానేసి నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ చెయ్యి వెచ్చగా ఉండటం నేను చూసింది అప్పుడే.

రోగం పూర్తిగా పోయింది. ఒకవైపు తంత్రి మొత్తం, రెండోవైపు కొంచెం పోయాయి. పెదనాన్నకి గుసగుస మిగిలింది. బస్‌స్టాండువాళ్ళు ఆయన్ని సామాన్ల గదికి మార్చారు. అక్కడ మాటలక్కర్లేదు, చీటీ చూసి సంచీ ఇవ్వడమే. ఇక్కడ నా గొంతు విని ఎవరూ బస్సు తప్పిపోరని ఆయనే జోకు వేశాడు.

ఇంట్లో గ్లాసు మీద చెంచా చప్పుడు మాత్రం ఆగలేదు. ఆ చప్పుడు వినగానే పెద్దమ్మ కుళాయి కట్టేసేది, ఫ్యాను ఆపేసేది, ఆయన గుసగుసగా ప్రయాణికులకు విజ్ఞప్తి చేసేవాడు. కుర్చీల కాళ్ళకు గుడ్డలు కట్టింది. గణగణమనే పాత మిక్సీ ఇచ్చేసి చప్పుడు తక్కువది తెచ్చింది. పక్కవాటావాళ్ళ పిల్లలు మెట్ల మీద అరిస్తే వెళ్ళి బతిమాలేది. ఆ ఇంట్లో ఆయన మాట వినపడకపోవడమన్నది లేదు. ఇంకో సంగతి, టూత్‌పేస్టు ట్యూబులు చీల్చడం మానేసింది. ఒకరోజు చెత్తబుట్టలో ఇంకా లావుగా ఉన్న ట్యూబు చూశాను.

ఆసుపత్రిలోనైతే మిషన్ ఆగిన మర్నాడే కొత్త నియమం పెట్టింది. మిషన్‌కి కేటాయించిన ఏ ముక్కకీ, మంచిదైనా చెడ్డదైనా, జిగురు తగలకూడదు. కొత్త ముక్కల కోసం ఏడాదిన్నర పాటు తనే పైకీ కిందికీ తిరిగింది. మిషన్ మళ్ళీ నేర్చుకుంది. ఈసారి దానికి పరీక్ష పెట్టింది పెద్దమ్మే, ఆ అమ్మాయికి కూడా చెప్పకుండా ముక్కలు తారుమారు చేసి. రెండేళ్ళకు ఆపరేషన్ గదిలోకి వెళ్ళింది. ఆ తర్వాత ఎప్పుడైనా సాయంత్రం సంతోషంగా వచ్చేది. ఇవాళ ఒక బడిపంతులు, రెండు గింజలంత తీసి ఆపేశారు, మాట అంతా మిగిలింది అనేది. అని, పెదనాన్న వైపు చూసి ఆగిపోయేది. ఆయన చెంచా ఎత్తకుండానే మంచిది, మంచిది అనేవాడు.

ఒకసారి నా ముందే ఆవిడని దగ్గర కూర్చోబెట్టుకున్నాడు.

"ఇరవై రెండేళ్ళు ఊరంతా వినేలా అరిచాను. ఇంక నాకెందుకా గొంతు? నీతో పోట్లాడటానికి ఇది చాలదూ?"

"చాలదు," అంది పెద్దమ్మ. "నేనే గెలుస్తున్నాను."

ఆయన నవ్వాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుని స్టవ్ దగ్గరికి వెళ్ళింది.

నేనన్న మాటకి క్షమాపణ ఒకే ఒక్కసారి అడగబోయాను, ఉద్యోగం వచ్చి వాళ్ళిల్లు వదిలే రోజున. నువ్వన్నదాంట్లో అబద్ధం ఏముందే అని, నా సంచీలో రెండు కొత్త సబ్బులు పెట్టింది. తర్వాత ఎప్పుడు వెళ్ళినా ఆ మాట ఎత్తనివ్వలేదు. కాలం గడిచి అది మాసిపోయిందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఆపరేషన్ అయిన పదకొండేళ్ళకు, ఆ మంగళవారం వచ్చింది.

పదిహేను రోజుల తర్వాత పెదనాన్న నన్ను ఆసుపత్రికి పంపాడు, ఆవిడ వస్తువులు తెమ్మని. కుర్చీ వీపున ఊలు కోటు, సొరుగులో కళ్ళజోడు, అరిగి ఏడెనిమిది వెంట్రుకలు మిగిలిన కుంచె. అప్పటి పరిశోధన అమ్మాయి ఇప్పుడు డాక్టరు, మిషన్ బాధ్యతంతా ఆమెదే. తనే అన్నీ సంచీలో సర్ది ఇచ్చింది. టీ తెప్పించింది. పెద్దమ్మ డబ్బాల గురించి చాలాసేపు చెప్పుకున్నాం. కేకు సంగతి చెప్పి నవ్వించింది. మాటల్లో మాటగా, పెద్దమ్మ ఆ ఏడాది ఎంత నలిగిందో అన్నాను. నా వల్ల కూడా అన్నాను. పెదనాన్న గొంతు తన పొదుపు వల్లే పోయిందని చివరిదాకా నమ్మిందని చెప్పాను.

ఆమె టీ గ్లాసు కింద పెట్టింది. ఎందుకు నమ్ముతారు అని అడిగింది. లేచి బీరువాలోంచి ఒక ఫైలు తీసింది. పెదనాన్న గొంతులోంచి తీసిన ముక్కల్లో మిషన్ వాటాకి జిగురు తగలకుండా దాచారట, పెద్దమ్మ కొత్త నియమం ప్రకారం. మిషన్ రెండోసారి నేర్చుకున్నాక మొట్టమొదట పరీక్షించినవాటిలో అవీ ఉన్నాయి. ఫైల్లో ఒక కాగితం మీద గొంతు బొమ్మ గీసి, ముక్కలు తీసిన ఏడు చోట్లా చుక్కలు పెట్టారు. ఆరు ఎర్రవి. చిట్టచివరి అంచున ఉన్న ఏడోదొక్కటే పచ్చది.

"ఆ రోజు మిషన్ ఉన్నా డాక్టరుగారు సరిగ్గా ఇక్కడి దాకానే కోసేవారు. ఒక్క గింజ కూడా మిగిలేది కాదు."

పెద్దమ్మకి ఇది తెలుసా అని అడిగాను. ముక్కల మీద నంబర్లే ఉంటాయి, పేర్లుండవు అంది. ఆయన నంబరు ఏదో ఆంటీ ఎన్నడూ అడగలేదు. డాక్టరుగారు ఎప్పుడో చెప్పేసి ఉంటారనుకున్నానంది.

కాగితం మీద తారీఖు చూశాను. తొమ్మిదేళ్ళ కిందటిది.